తంజావూరులో ఉన్నది శ్రీకాళహస్తిలో ఎందుకు లేదు?

సంపాదకులు గారికి నమస్కారం.

నేను రాస్తున్నది శ్రీకాళహస్తి గురించి, అయితే ముందు తంజావూరు సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ ఆలోచన పుట్టింది అక్కడే. మేం ఉండేది చెన్నై పెరంబూరులో. ఈమధ్య మా అత్తయ్య, మా ఆయన, మా అమ్మాయి, నేను కలిసి తంజావూరు వెళ్లి, కోట వీధుల్లో ఒక పాత ఇంట్లో దిగాం. అది హోటలూ కాదు, లాడ్జీ కాదు. ఇంటివాళ్లు వెనక భాగంలో కాపురం ఉంటారు, ముందు భాగంలో గదులు వచ్చిపోయేవాళ్లకి ఇస్తారు, పొద్దున టిఫిన్ వాళ్లే పెడతారు. బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ అంటున్నారే, అదన్నమాట. ఈ ఇంట్లో విశేషం ఏంటంటే ఒక్కో గదిని తంజావూరు కళల్లో ఒక్కోదానికి కేటాయించారు. అక్కడ ఉండి వచ్చిన దగ్గర్నుంచీ నా మనసులో ఒకటే తిరుగుతోంది. ఇలాంటి ఇళ్లు మన కాళహస్తిలో ఉండాలి, వాటిని నడిపేవాళ్లు కలంకారీ వేసే కుటుంబాలే అయ్యుండాలి, గోడ మీది బొమ్మ కింద దాన్ని వేసిన మనిషి పేరు కచ్చితంగా ఉండాలి.

చెన్నై తెలుగువాళ్లకి కాళహస్తి ఎంతవరకు తెలుసంటే, తెల్లవారుజామున కారెక్కుతాం, రాహుకేతు పూజ టికెట్ తీసుకుంటాం, దర్శనం అయ్యాక ఇంకెక్కడా ఆగకుండా నేరుగా ఇంటికి వెళ్లాలని పెద్దవాళ్లు చెప్పారు కాబట్టి భోజనం వేళకి బండి తిప్పేస్తాం. రాత్రి ఉండం. పూజ అయ్యాక ఉండకూడదన్న నమ్మకం ఉంటే ఉండనీండి, దాన్ని నేను కాదనను, మా ఇంట్లోనూ అదే పాటిస్తాం. కానీ ముందు రోజు సాయంత్రమే వెళ్లి, రాత్రి ఉండి, పొద్దున పూజ చేయించుకుని నేరుగా ఇంటికి రావడానికి ఏ నమ్మకమూ అడ్డు రాదు కదా. అలా ఎవరూ చేయకపోవడానికి కారణం, ఆ సాయంత్రం అక్కడ ఉండి ఏం చూడాలో ఎవరూ చెప్పకపోవడమే. స్వర్ణముఖి ఒడ్డున అంత పెద్ద కళ ఉంటే దాని దగ్గరికి తీసుకెళ్లే దారి లేదు. గుడి దగ్గర కొట్టులో వేలాడే దుపట్టా చూసి, రేటు అడిగి, కారెక్కడంతో సరిపోతోంది.

ఇక తంజావూరు. రాత్రి ఉళవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి దింపేస్తుంది. మేం ఆటో దిగేసరికి ఇంటావిడ వాకిట్లో ముగ్గు వేస్తున్నారు. ముందు ఎత్తరుగు, లోపల మండువా, చుట్టూ చెక్క స్తంభాలు, కాళ్లకి చల్లగా తగిలే ఎర్ర గచ్చు. మాకిచ్చిన గదుల్లో ఒకటి వీణ గది. గోడకి ఒక వీణ తగిలించి ఊరుకోకుండా, వీణ ఎలా తయారవుతుందో వరసగా బల్ల మీద పెట్టారు. పనస దుంగ ముక్క, సగం తొలిచిన కుండ, దండి, మైనంలో మెట్లు నిలిపిన పలక, చివర సింహం లాంటి కల్పిత జంతువు యాళి తల. మా అమ్మాయి అవన్నీ చేత్తో తడిమి చూసింది, నేను వద్దంటుంటే ఇంటావిడ "తాకాలనే పెట్టామమ్మా" అన్నారు. తంజావూరు వీణ పనసచెక్కతోనే చేస్తారని, మొత్తం ఒకే దుంగలోంచి తొలిస్తే దాన్ని ఏకాండ వీణ అంటారని సంగీతం తెలిసినవాళ్లకి కొత్త కాదు. కానీ సగం తొలిచిన కుండలో చెయ్యి పెట్టి లోపలి గోడ ఎంత పలచగా ఉందో చూసిన పిల్లకి అది ఇక మర్చిపోయే విషయం కాదు. రాత్రి పడుకునే ముందు మళ్లీ లేచి చూసింది, పొద్దున లేవగానే మళ్లీ చూసింది. మ్యూజియంలో అద్దం వెనక అయితే నిమిషం చూసి పక్క బీరువాకి వెళ్లిపోయేది. కళ ఉన్న గదిలో పడుకోవడం అంటే ఏంటో నాకు అప్పుడు అర్థమైంది.

పక్క గది తల ఊపే బొమ్మలది, అందులో అప్పటికే వేరేవాళ్లు ఉన్నారు. మా అత్తయ్యకిచ్చింది తంజావూరు చిత్రాల గది. టిఫిన్ మండువా పక్కన. ఇడ్లీ, కుంభకోణం వైపు చేసే కడప్పా అనే కూర, ఇత్తడి డబరాలో కాఫీ. రుచి గురించి ఎక్కువ రాయను, బాగుంది.

మనవాళ్లలో చాలామంది తంజావూరుని పెద్దగుడి, అంటే బృహదీశ్వరాలయం వరకే చూసి వచ్చేస్తారు. 1532లో సేవప్ప నాయకుడితో మొదలై 1673లో విజయరాఘవ నాయకుడి దాకా ఆ ఊరిని ఏలింది తెలుగు నాయకులే. రఘునాథ నాయకుడి కొలువులో చేమకూర వెంకటకవి, విజయరాఘవుడి కొలువులో రంగాజమ్మ. వాళ్ల తర్వాత వచ్చిన మరాఠాలు కూడా తెలుగుని వదల్లేదు, శాహజీ మహారాజు స్వయంగా తెలుగులో యక్షగానాలు రాశాడు. కోటలోనే ఉన్న సరస్వతీ మహల్‌లో తెలుగు తాళపత్రాలున్నాయి. త్యాగరాజస్వామి సమాధి ఉన్న తిరువయ్యారు ఆటోలో వెళ్లొచ్చేంత దూరం, కావేరి ఒడ్డున ఆ సమాధికి గుడి కట్టించింది బెంగళూరు నాగరత్నమ్మ. మేలట్టూరులో ఏటా నరసింహ జయంతికి భాగవతమేళం ఇప్పటికీ తెలుగులోనే ఆడతారు, కూర్చుని చూసేవాళ్లలో చాలామందికి తెలుగు రాకపోయినా. ఇంకో మాట, పెద్దగుడి కట్టించిన రాజరాజ చోళుడి కూతురు కుందవ్వ వేంగి విమలాదిత్యుడి భార్య, అంటే మన రాజమహేంద్రవరం రాజరాజ నరేంద్రుడికి ఆ చోళరాజు స్వయానా తల్లి వైపు తాత. ఇవన్నీ ఒక పూటలో చుట్టబెట్టేవి కావు. రాత్రి ఉంటేనే వీటికి టైమ్ దొరుకుతుంది, ఇంటివాళ్లతో మాట్లాడితేనే ఎటు వెళ్లాలో తెలుస్తుంది.

అసలు విషయం మాత్రం ఆ ఇంటి మండువాలో ఉంది. టిఫిన్ అయ్యాక ఒకాయన వచ్చి చాప పరుచుకుని, ముందు పీట పెట్టుకుని బొమ్మ పనికి కూర్చుంటారు. బస చేసినవాళ్లు ఎంతసేపైనా పక్కన కూర్చోవచ్చు. మా అత్తయ్య నాతో మాట్లాడుతుంటే విని "మీరు తెలుగువారా అమ్మా?" అని తెలుగులోనే అడిగారు. మేం ఆశ్చర్యపోయాం. ఆయనది రాజులు అనే కులం కుటుంబం, ఊళ్లేలిన రాజులని కాదు. తంజావూరు, తిరుచ్చి వైపు ఈ చిత్రాలు వేసే రాజులు, మధురై వైపు నాయుళ్లు, వీళ్లందరి పెద్దలూ తెలుగు మాట్లాడేవాళ్లే. "ఇంట్లో తెలుగేనమ్మా, చదవడం రాయడం మాత్రం తమిళం" అన్నారు. ఆయన తెలుగులో మధ్యమధ్య తమిళం కలిసినా మా అత్తయ్యకి ఒక్క మాట కూడా అడ్డు పడలేదు. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు.

ఆయన చూపించింది చూపించినట్టు రాస్తాను. వెనకటికి పనస పలక వాడేవాళ్లు, ఇప్పుడు చాలామంది ప్లైవుడ్ వాడుతున్నారు. పలక మీద గుడ్డ అతికించి, సుద్దపొడి జిగురు కలిపి పూసి, ఆరాక రాయితో నున్నగా రుద్దుతారు. దాని మీద బొమ్మ గీస్తారు. నగలు, కిరీటం, మండపం స్తంభాలు ఉబ్బెత్తుగా రావాలి కదా, అక్కడ మక్కు పెడతారు, అది కూడా సుద్ద, జిగురే, కాస్త గట్టిగా కలుపుకున్నది. బ్రష్‌తో ఒక పొర, అది ఆరాక మళ్లీ ఒక పొర. రాళ్లు పొదిగాక బంగారు రేకు. రేకు తీసేటప్పుడు మమ్మల్ని ఫ్యాన్ ఆపమన్నారు. కాగితాల మధ్య నుంచి రేకు తీసి, కావలసినంత కత్తిరించి, జిగురు రాసిన చోట పరిచి, వేలితో నొక్కకుండా బ్రష్ వెనక కొసతో మెల్లగా ఒత్తుతూ పోయారు. కింద ఉన్న మక్కు గుండ్లు ఒక్కొక్కటే బంగారంలోంచి పైకి తేలుతుంటే మా అమ్మాయి ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. రంగులు ఆ తర్వాత, కళ్లు అన్నిటికంటే చివర.

మా అత్తయ్య పూజగదిలో వెన్నకృష్ణుడి తంజావూరు పటం ఒకటుంది, చెన్నైలో ఒక ఎగ్జిబిషన్‌లో కొన్నది. కొన్నాళ్లకే కిరీటం నల్లబడింది. ఆ సంగతి చెప్పి "ఏం చెయ్యాలి నాయనా?" అని అడిగారు. ఆయన ఫోన్‌లో ఫొటో చూసి అది అసలు రేకు కాదన్నారు. అసలు 22 క్యారట్ రేకు అలా నల్లబడదట, బంగారం రేటు పెరిగినప్పుడల్లా రేకు రేటూ పెరగడంతో కొందరు మామూలు మెరుపు రేకు వేసి అదే ధరకి అమ్ముతున్నారట. "పటం వెనక ఎవరి పేరైనా ఉందా అమ్మా?" అని అడిగారు. లేదు. ఉంటే ఆ మనిషినే పట్టుకుని అడిగేవాళ్లం. మంచి పని చేసినవాళ్లకి పేరు వస్తుంది, మోసం చేసినవాళ్లు దొరికిపోతారు, ఒక్క పేరు రాస్తే రెండు పనులూ అవుతాయి.

ఇక్కడే ఆ ఇంటి మీద నాకున్న కోపం కూడా చెప్పాలి. ఇంటివాళ్లు మంచివాళ్లు, వాళ్ల ఆలోచన గొప్పది, అందుకే చెప్తున్నాను. మా అత్తయ్య గదిలో గోడకి పెద్ద పట్టాభిషేకం చిత్రం ఉంది. దాని కింద చిన్న అట్ట, సంప్రదాయ తంజావూరు చిత్రం, 22 క్యారట్ బంగారు రేకు అని. వేసిందెవరో లేదు. మండువాలో కూర్చునే ఆయనే వేశారని మేం అడిగితే తెలిసింది. మనిషి ఎదురుగా ఉన్నారు, అట్ట మీద ఆయన పేరు లేదు, బంగారం క్యారట్ మాత్రం ఉంది! వీణ ముక్కల దగ్గరా అంతే, ఏ ఇంటి పనివాళ్లు తొలిచారో లేదు.

ఆ సాయంత్రం పెద్దగుడికి వెళ్లాం. 1010లో పూర్తయిన గుడి. ఎండ తగ్గాక ఆ రాయి రంగు మారుతుంటే చూడ్డానికి జనం ఊరికే కూర్చుంటారు, మేమూ కూర్చున్నాం. ఆ గోడల మీద రాజరాజ చోళుడు చెక్కించిన శాసనాల్లో ఏముందో తెలుసా? గుడి సేవకి తీసుకొచ్చిన నాలుగు వందల మంది నాట్యకత్తెల పేర్లు. ఒక్కొక్కరూ ఏ ఊరి గుడి నుంచి వచ్చారో, ఏ వీధిలో ఏ వరసలో ఎన్నో ఇల్లు వాళ్లదో అంతా ఉంది. గుడి కట్టిన స్థపతి కుంజరమల్లన్ రాజరాజ పెరుంతచ్చన్ పేరుంది. రాజు తన పేరొక్కటే చెక్కించుకుని ఊరుకోలేదు, నాట్యం చేసినవాళ్ల ఇంటి నంబరుతో సహా రాతి మీద రాయించాడు. ఆ గుడికి నడిచి వెళ్లేంత దగ్గర్లో ఉన్న ఇంట్లో, ఈ రోజుల్లో, ఒక అట్టముక్క మీద ఒక చిత్రకారుడి పేరు రాయడానికి ఏం అడ్డమో నాకు తెలియలేదు. ఇంటావిడతో అన్నాను. ఆవిడ నొచ్చుకోలేదు, "ఎవరూ అడగలేదమ్మా, అందుకే తోచలేదు" అన్నారు. అడగాల్సింది మనమే, ఆ గదుల్లో డబ్బిచ్చి ఉండేవాళ్లం.

రెండో కోపం కలంకారీ గది మీద. ఆ గది ఖాళీగా ఉంటే ఇంటావిడ తలుపు తీసి చూపించారు. మంచం వెనక గోడంతా కలంకారీ గుడ్డ. చూడగానే అనుమానం వచ్చింది, ఎందుకంటే మా పెద్దమ్మ కూతురు కాళహస్తిలో ఈ పని నేర్చుకుంది, ఆవిడ దగ్గర కూర్చుని చాలా చూశాను. చేత్తో వేసిన గీత ఒకే మందాన ఉండదు. కలాన్ని రంగులో ముంచి పెట్టిన చోట కాస్త లావుగా మొదలై, రంగు అయిపోయే కొద్దీ సన్నబడుతుంది. రంగు వెనక్కి కూడా దిగుతుంది. ఆ గుడ్డ తిప్పి చూస్తే వెనక తెల్లగా ఉంది, ముందు అదే నెమలి అదే మెడ వంపుతో జానెడు జానెడుకీ ఉంది. స్క్రీన్ ప్రింటు. చెన్నైలో ఒక షాపులో కలంకారీ అని చెప్పి అమ్మారట. ఆవిడకి బాధేసింది, నాకూ వేసింది. తంజావూరు జిల్లాలోనే సిక్కల్‌నాయకన్‌పేటలో చేత్తో కలంకారీ వేసే కుటుంబాలున్నాయి, నాయకుల కాలంలో తెలుగు దేశం నుంచి వెళ్లినవాళ్లు, కరుప్పూర్ కలంకారీ పేరుతో ఆ పనికి 2021లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పక్క ఊళ్లో అసలుది పెట్టుకుని గోడకి ప్రింటు వేలాడదీసుకున్నారు. ఆ ఊరి పేరు చెప్తే ఇంటావిడ క్యాలెండర్ వెనక రాసుకున్నారు.

అక్కడి నుంచే నా ఆలోచన కాళహస్తి మీదికి వెళ్లింది. ఎందుకంటే కలంకారీ పని నిజానికి రాత్రి ఉండి చూడాల్సిన పని. ఒక బొమ్మ ఒక రోజులో అయ్యేది కాదు. గుడ్డని ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నానబెట్టి ఆరేస్తారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకి పాకదు, కరక్కాయ వల్ల నలుపు పడుతుంది. చింతపుల్ల కాల్చిన బొగ్గుతో బొమ్మ గీస్తారు. వెదురు పుల్ల కొసకి గుడ్డ చుట్టి దారంతో బిగించిన కలం, ఆ చుట్టిన గుడ్డని రెండు వేళ్లతో నొక్కుతూ ఉంటే రంగు కొసకి దిగుతుంది. నల్ల రంగుకి కసిమి కావాలి, తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, నీళ్లు కుండలో వేసి రోజుల తరబడి ఊరబెడితే వచ్చే నీళ్లు. కుండలో చూస్తే అంత నల్లగా ఏమీ ఉండదు, కరక్కాయ పట్టిన గుడ్డ మీద గీయగానే కళ్ల ముందే నల్లబడుతుంది. ఇది చూసినవాళ్లు ఎవరైనా మళ్లీ ఒకసారి గీయమంటారు. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు రాసి, చవలికొడి లాంటి వేళ్లు, చెక్కలు వేసి ఉడికిస్తే పటిక రాసిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. తర్వాత పారే నీళ్లలో ఉతకాలి. మళ్లీ పాలు, మళ్లీ ఆరబెట్టడం, కరక్కాయ పువ్వుతో పసుపు, నీలిమందుతో నీలం, పసుపు మీద నీలం వేస్తే ఆకుపచ్చ. రామాయణం మొత్తం గళ్లు గళ్లుగా వేసి, బొమ్మల కింద తెలుగులో కథ రాసే పని ఇది. సాయంత్రం వచ్చినవాళ్లు కసిమి గీత చూడొచ్చు, పొద్దున లేచేసరికి ఆరిన గుడ్డ చూడొచ్చు, పిల్లలకి చిన్న గుడ్డముక్క, కలం ఇచ్చి గీయించొచ్చు. తంజావూరు ఇంట్లో వీణ ముక్కలు పెట్టినట్టు ఇక్కడ కరక్కాయలు, కసిమి కుండ, పటిక, నీలిమందు గదిలోనే పెడితే ఇంకేం అలంకరణ అక్కర్లేదు.

ఇది ప్రభుత్వమే కట్టాలని నేను అనడం లేదు. కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకంలో ఒక గది నుంచి ఆరు గదుల వరకు, 12 మంచాలు మించకుండా, ఇంటివాళ్లు అదే ఇంట్లో ఉంటూ నడుపుకోవచ్చు, గోల్డ్, సిల్వర్ అని రెండు తరగతులు. పెద్ద పెద్ద కాంట్రాక్టులు అవసరం లేని పని. ఒక్క గది ఉన్నా చాలు. చెన్నైలో మా కళ్ల ముందే చోళమండలం ఉంది, 1966లో కె.సి.ఎస్. పణికర్ గారి వెంట చిత్రకారులు బాటిక్ గుడ్డలు అమ్మిన డబ్బుతో ఇంజంబాక్కంలో స్థలం కొనుక్కుని తమ ఊరు తామే కట్టుకున్నారు. ఒడిశాలో పూరీ దగ్గర రఘురాజపురంలో జనం చిత్రకారుల ఇళ్లకే వెళ్లి, అరుగు మీద కూర్చుని పటచిత్రాలు చూస్తారు. కాళహస్తిలో జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది, ఆ ఊళ్లో పని నేర్చుకున్నవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఎంతోమంది ఉన్నారు. మనుషులున్నారు, పని ఉంది, రోజూ వేల మంది వచ్చే గుడి ఉంది. మధ్యలో ఒక గది, ఒక మంచం లేవు.

అయితే ఇందులో జాగ్రత్తలు పడాల్సినవి ఉన్నాయి. మా పెద్దమ్మ కూతురికి ఫోన్ చేసి ఈ సంగతి చెప్తే మొదట ఆవిడ అన్న మాట, "బొమ్మ వేసేదీ మేమే, పొద్దున్నే లేచి టిఫిన్ వండేదీ మేమేనా?" నిజమే. కలంకారీ వేసే ఇళ్లలో చాలాచోట్ల కలం పట్టేది ఆడవాళ్లే, వంటా వాళ్ల మీదే. బస పెట్టి వాళ్ల పని గంటలు తినేస్తే కళ నిలబడదు, ఇంకాస్త తొందరగా పోతుంది. టిఫిన్ పక్క వీధి మెస్ నుంచి తెప్పించినా మాకేం అభ్యంతరం లేదు, మేం వచ్చేది ఇడ్లీ కోసం కాదు. దుప్పట్లు ఉతకడం, గది తుడవడం నాలుగైదు ఇళ్లకి కలిపి ఒకరికి అప్పజెప్పొచ్చు. గది డబ్బులు ఎవరి ఖాతాలో పడతాయన్నది కూడా ముందే తేలాలి, బొమ్మ వేసేవాళ్ల ఖాతాలో పడాలి, మధ్యలో బుకింగ్ చేసేవాళ్లు తినే కమిషన్‌కి ఒక హద్దు ఉండాలి.

ఇంకో భయం, డబ్బున్నవాళ్లెవరో గుడి దగ్గర నాలుగంతస్తులు కట్టి, గోడలకి ప్రింటు గుడ్డలు వేలాడదీసి, కలంకారీ హౌస్ అని బోర్డు పెట్టేస్తారు. తంజావూరు గదిలో చూశాను కదా, మంచి మనసున్నవాళ్ల ఇంట్లోనే ప్రింటు దూరింది, ఇక వ్యాపారం చేసేవాళ్ల సంగతి చెప్పాలా. అందుకని హస్తకళాకారుల గుర్తింపు కార్డు ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటేనే ఆ బోర్డు పెట్టుకోనివ్వాలి. గోడ మీద ఉన్న ప్రతి గుడ్డ కింద వేసినవాళ్ల పేరు, వాళ్ల ఊరు, పట్టిన రోజులు, ధర తెలుగులో రాయాలి. ప్రింటు పెట్టుకుంటే ప్రింటు అని రాయండి, తప్పేం లేదు, అందరూ చేతిపని కొనలేరు. కలంకారీ అని రాసి ప్రింటు పెడితే మాత్రం ఊరుకోకూడదు.

బస చేసినవాళ్లని కొనమని ఒత్తిడి చేయకూడదన్నది కూడా నా మాట. తంజావూరులో మమ్మల్ని ఎవరూ కొనమనలేదు. అందుకే మా అత్తయ్య ఆ మండువాలో ఆయనకి చిన్న కృష్ణుడి పటం ఆర్డర్ ఇచ్చి వచ్చారు, వెనక పేరు, తేదీ రాయాలన్న షరతుతో. ఆయన ఆ షరతు విని చాలా సంతోషపడ్డారు, ఇన్నేళ్లలో ఎవరూ అలా అడగలేదన్నారు.

దేవస్థానం వాళ్లకి ఒక విన్నపం. టికెట్ కౌంటర్ దగ్గర పూజ ధరల బోర్డు పక్కనే, కలంకారీ వేసే ఇళ్లు ఏ వీధిలో ఉన్నాయో తెలిపే ఒక బోర్డు పెట్టించండి. దానికి పెద్ద ఖర్చు కాదు. క్యూలో నిలబడి అందరూ చదువుతారు.

సంపాదకులు గారూ, మీ శ్రీకాళహస్తి విలేకరిని ఒకసారి ఆ వీధుల్లోకి పంపండి. ఒక గది ఇవ్వగలిగిన కుటుంబాలు ఎన్ని ఉన్నాయో, ఇవ్వాలని ఉన్నా ఇవ్వలేకపోతే వాళ్లకి అడ్డం ఏంటో, బాత్రూమ్ లేకా, అప్పు పుట్టకా, అనుమతి ఎక్కడ అడగాలో తెలియకా, ఇంట్లోకి కొత్తవాళ్లని రానివ్వడానికి టెన్షనా, వాళ్లనే అడిగి రాయించండి. వాళ్లు ఒప్పుకుంటే పేర్లతో రాయించండి. మీ చెన్నై ఎడిషన్‌లో కూడా వేయండి. ఆ గది అడిగేవాళ్లలో మేం ముందుంటాం, మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లు ఇంకో నాలుగు కుటుంబాలు ఇప్పటికే ఎప్పుడు వెళ్దామని అడుగుతున్నారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పెరంబూరు, చెన్నై